ఎయిర్ రైఫిల్ మీద స్కోప్ నిలవాలంటే

ప్రశ్న: నా దగ్గర .177 క్యాలిబర్ స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది. కాగితపు గురి మీద అభ్యాసం చేస్తాను. విదేశాల్లో వేట రైఫిళ్లకు వాడే రకం రింగులు రెండు తెప్పించి స్కోప్ (గురి చూసే చిన్న దూరదర్శిని) బిగించాను. ఎంత బిగించినా అది వెనక్కి జరిగిపోతోంది. ఇంకా ఖరీదైన రింగులు కొనాలా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఖరీదు పెంచినంత మాత్రాన ఫలితం ఉండదు. ఆ రింగులు వేరే రకం కుదుపును తట్టుకోవడానికి తయారైనవి. వేట రైఫిల్‌లో తూటా పేలగానే తుపాకీ వెనక్కి తంతుంది, స్కోప్ మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటే ఉండబోతుంది కనుక రింగులు ముందుకు జారకుండా ఉంటే చాలు. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌లో పిస్టన్ ముందుకు దూసుకుపోయేటప్పుడు రైఫిల్ మొదట కాస్త వెనక్కి కదిలి, ఆ పిస్టన్ సిలిండర్ చివర ఒక్కసారిగా ఆగడంతో మరింత గట్టిగా ముందుకు కుదుపుకు లోనవుతుంది. అప్పుడు కూడా స్కోప్ ఉన్నచోటే ఉండబోతుంది కనుక, ఆ రెండో కుదుపే మౌంట్‌ను (స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే రింగుల అమరికను) వెనక్కి జరుపుతోంది.

రైఫిల్ పైన రింగులు బిగించే గాడి ఉంటుంది, వెనక రింగు వెనుక ఆ గాడి అంచును వెలుతురులో పరిశీలించండి. నల్లపూత చెరిగి సన్నని మెరుపు గీత కనిపిస్తే రింగు జారిన దారి అదే. చాలా రైఫిళ్లకు ఆ గాడి చివర, పైభాగాన, అగ్గిపుల్ల తలంత రంధ్రం ఉంటుంది. మౌంట్ అడుగు నుంచి దిగే స్టాప్ పిన్ (జారకుండా ఆపే చిన్న మేకు) కూర్చోవలసిన చోటు అది. కాబట్టి ఎయిర్ రైఫిళ్లకు ఉండే 11 మి.మీ. డవ్‌టెయిల్ (అంచులు లోపలికి వాలిన) గాడికి సరిపోయే, స్టాప్ పిన్ ఉన్న, రెండు రింగులూ ఒకే దిమ్మెకు కలిసి ఉండే మౌంట్ తీసుకోండి. వీవర్, పికాటినీ అనే వేరే రకం పట్టాల కోసం చేసిన మౌంట్లు ఈ గాడిని సరిగా పట్టవు.

విశాఖ ఉప్పుగాలికి తుప్పు పడుతుందని మనం రైఫిల్‌కు నూనె ధారాళంగా పూస్తాం. అది మంచిదే కానీ గాడిలో, రింగుల లోపల నూనె ఉంటే పట్టు నిలవదు. ఆ భాగాలను స్పిరిట్‌తో తుడిచి, పొడిగా బిగించి, ఆ తర్వాతే బయటివైపు నూనె గుడ్డతో తుడవండి.

స్కోప్ గొట్టం ఒక అంగుళమా (25.4 మి.మీ.), 30 మి.మీ.నా అన్నది చూసి దానికి తగిన రింగులే కొనాలి. ముందు కటకం బ్యారెల్‌కు తగలనంత ఎత్తు చాలు, అంతకు మించితే చెంప కుందాకు (రైఫిల్ వెనక భాగానికి) సరిగా ఆనదు. పై స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి ఎదురెదురుగా, తయారీదారు చెప్పిన బిగువు మేరకే తిప్పండి. అతిగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది.

స్కోప్ కూడా ఎయిర్ రైఫిల్ కోసం చేసినదేనా అన్నది తప్పక చూడండి, ఎందుకంటే ఈ ముందు కుదుపుకు మామూలు స్కోప్ లోపలి కటకాలు వదులైపోవచ్చు. 10 మీటర్ల దూరంలో అభ్యాసం చేసేవారికి ఆ దూరానికి ప్యారలాక్స్ (కన్ను కాస్త కదిలితే గురి గుర్తు జరిగినట్టు కనిపించే తేడా) సరిచేసుకునే వీలుండాలి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నిబంధనల కింద జరిగే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లో స్కోప్ అనుమతించరు కనుక పోటీల ఆలోచన ఉంటే ఈ ఖర్చు పెట్టకండి.