ఓవర్‌హెడ్ లేని ఒప్పందం మీద సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: విపత్తుల్లో సహాయం చేసే చిన్న స్థానిక సంస్థ మాది. ఒక అంతర్జాతీయ సంస్థ తనకు దాత ఇచ్చిన గ్రాంటులోంచి లక్ష డాలర్ల ఉప గ్రాంటు ఇస్తానంటోంది. సామగ్రికి, క్షేత్ర సిబ్బంది జీతాలకే బడ్జెట్ పెట్టారు. ఆఫీసు నడిపే ఖర్చులు (ఓవర్‌హెడ్) మమ్మల్నే చూసుకోమంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఉన్నదున్నట్టుగా ఒప్పుకోకండి. ముందు మీ అసలు ఖర్చు లెక్క తీయండి. ఆడిట్ అయిన నిరుటి పద్దుల్లోంచి ఏ ఒక్క ప్రాజెక్టుకూ చెందని ఉమ్మడి ఖర్చులన్నీ కూడండి: అకౌంటెంట్ జీతం, ఆఫీసు అద్దె, ఆడిట్ ఫీజు, కంప్యూటర్లు. ఆ మొత్తాన్ని ప్రాజెక్టుల ప్రత్యక్ష ఖర్చుతో భాగించండి. ప్రత్యక్ష ఖర్చు 4,00,000 డాలర్లు, ఉమ్మడి ఖర్చు 48,000 అయితే మీ రేటు 12 శాతం. అంటే ఈ లక్ష డాలర్ల పని చేసిపెట్టడానికి మీరు ఎదురు 12,000 పెట్టుకోవాలన్నమాట.

ఇప్పుడు ఆ సంస్థను రాతపూర్వకంగా అడగండి: దాత మీకు ఓవర్‌హెడ్ ఎంత శాతం ఇస్తున్నారు, అందులో మా వాటా ఎంత? ఇలాంటి ఒప్పందాల్లో 7 శాతం తరచూ కనిపించే అంకె. స్థానిక భాగస్వాములకు ఓవర్‌హెడ్ ఇవ్వాలని, ఐక్యరాజ్య సమితి సంస్థలూ ఇతర సహాయ సంస్థలూ కలిసి కూర్చునే ఇంటర్ ఏజెన్సీ స్టాండింగ్ కమిటీ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఉత్తరంలో ప్రస్తావించండి.

7 శాతం వచ్చినా 5,000 లోటు ఉంటుంది. అకౌంటెంట్ ఈ ప్రాజెక్టుకు వెచ్చించే గంటలను ప్రత్యక్ష ఖర్చుగా చూపి కొంత పూడ్చుకోవచ్చు. దానికి టైమ్‌షీట్ (ఏ పనికి ఎన్ని గంటలో రాసే పట్టిక) తప్పనిసరి. అక్కడ చూపిన భాగాన్ని ఉమ్మడి ఖర్చుల్లోంచి తీసేయడం మరవకండి. ఒకే జీతం రెండు చోట్లా కనిపిస్తే ఆడిటర్ ఆ ఖర్చును ఒప్పుకోరు, ఆ డబ్బు మీరే వెనక్కి కట్టాలి.

ఇంత పట్టుబట్టడం దేనికంటే, ఓవర్‌హెడ్ లేని సంస్థలో ప్రాజెక్టు అయిపోగానే అకౌంటెంట్ వెళ్లిపోతారు. పద్దులు పేరుకుపోతాయి, ఆడిట్ ఆలస్యమవుతుంది. తర్వాతి గ్రాంటు వేళకు ‘వీళ్లకు సామర్థ్యం లేదు’ అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్రకు కారణం మొదటి బడ్జెట్టే, కానీ మాట పడేది స్థానిక సంస్థ. ఇది అన్యాయం.

సంతకానికి ముందు మరో మూడు షరతులు చూడండి. ఖర్చు పెట్టాక బిల్లులిస్తే చెల్లించే పద్ధతైతే మొదటి విడత అడ్వాన్సుగా అడగండి. దాడిలోనో దోపిడీలోనో సరుకు పోతే నష్టం ఎవరు భరిస్తారో రాయించండి. గ్రాంటు అర్ధాంతరంగా రద్దయితే అప్పటికే పెట్టిన, మాటిచ్చిన ఖర్చులు చెల్లించాలన్న నిబంధన పెట్టించండి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపేసినప్పుడు, చేసిన పనికి రావలసిన డబ్బు కూడా అందక చాలా సంస్థలు చిక్కుల్లో పడ్డాయి.

ప్రశ్న: పావు వంతు మానవతా సహాయ నిధులు స్థానిక సంస్థలకే ఇస్తామని దాతలు, పెద్ద సహాయ సంస్థలు మాటిచ్చారు కదా, ఏమైంది?

జవాబు: 2016లో ఇస్తాంబుల్ ప్రపంచ మానవతా శిఖరాగ్ర సమావేశంలో దాతలకూ సహాయ సంస్థలకూ మధ్య కుదిరిన ‘గ్రాండ్ బార్గెయిన్’ ఒప్పందం లక్ష్యం అది. 2020 నాటికి మొత్తంగా 25 శాతం. ఆ గడువుకు లక్ష్యం నెరవేరలేదు. పైగా ‘వీలైనంత నేరుగా’ అని రాసుకున్నారు కాబట్టి, ఒక మధ్యవర్తి సంస్థ ద్వారా వెళ్లిన డబ్బు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ఏ దాతైనా శాతం ప్రకటిస్తే అందులో నేరుగా వెళ్లిందెంత అని వేరుగా అడగాలి.

ప్రశ్న: చిన్న సంస్థలకు నేరుగా ఇస్తే డబ్బు దుర్వినియోగం కాదా?

జవాబు: ఆ ప్రమాదం ఏ సంస్థలోనైనా ఉంటుంది. దాన్ని తట్టుకునే పద్ధతులూ ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి మానవతా సమన్వయ కార్యాలయం నడిపే, పలువురు దాతల డబ్బు ఒకచోట చేర్చే దేశస్థాయి ఉమ్మడి నిధుల్లో ప్రతి సంస్థనూ ముందుగా పరిశీలించి తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ముప్పు అని వర్గీకరిస్తారు. ముప్పు ఎక్కువైన కొద్దీ డబ్బు చిన్న విడతల్లో వస్తుంది, తనిఖీలు పెరుగుతాయి. అసలు దండగంతా వేరే చోట ఉంది. ఐదుగురు దాతలుంటే ఐదు తీర్ల ప్రశ్నావళులు, అవే పత్రాలు ఐదు సార్లు. ఒకరు చేసిన పరిశీలనను మిగతావాళ్లు ఆమోదిస్తే ఆ సమయం బాధితులకు దక్కుతుంది.

సహాయ సంస్థలు పని పంచుకునే సమన్వయ సమావేశాల్లోనూ స్థానిక సంస్థలకు ఇలాంటి అడ్డే ఉంటుంది. స్థానిక ప్రతినిధికి కుర్చీ వేసి, చర్చంతా ఇంగ్లీషులో సాగిస్తే అది నాయకత్వం ఇచ్చినట్టు కాదు. ఎజెండా రెండు రోజుల ముందు స్థానిక భాషలో పంపమనండి, అనువాదకుడి ఖర్చు సమన్వయ బడ్జెట్‌లోనే పెట్టమనండి. సహ అధ్యక్ష స్థానం ఇస్తే, ఆ పని చేసే మనిషికి జీతం ఎక్కడినుంచి వస్తుందో అదే రోజు తేల్చుకోండి.