అంత ఎత్తైన ఆఫీసులో రోజూ పనిచేయడం ఎలా ఉంటుంది?

అమరావతిలో సచివాలయ టవర్లు పూర్తయితే గుంటూరు నుంచి రోజూ వెళ్లి ముప్పయ్యో అంతస్తులోనో, ఇంకా పైనో కూర్చోవలసి వస్తుంది కదా, అంత ఎత్తున కళ్లు తిరగవా, అలవాటవుతుందా అని మీరు అడిగారు. నేను గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగినవాడిని. ముంబయి నారిమన్ పాయింట్‌లో, సముద్రాన్ని పూడ్చిన నేల మీద 1970లలో లేచిన ఆఫీసు భవనాల్లో ఒకదాని 19వ అంతస్తులో ఏడేళ్లు లెక్కల విభాగంలో పనిచేసి తిరిగి వచ్చాను. మీరు చూస్తున్న ఎత్తులో ఇది సగమే అయినా, అడిగినదానికి జవాబు చెప్పడానికి సరిపోతుందనుకుంటున్నాను.

కళ్లు తిరగవు. మొదటి వారం మెరైన్ డ్రైవ్ వంపు చూస్తూ కిటికీ దగ్గరే టీ తాగాను; నెల తిరిగేసరికి కంప్యూటరు మీద ఎండ పడుతోందని తెర దించమని అడిగింది కూడా నేనే. ఎత్తు తెలిసేది కిటికీ దగ్గర కాదు, కింద లిఫ్టు ముందు.

చర్చ్‌గేట్‌లో రైలు దిగి పావుగంట నడిచి వచ్చేవాళ్లం. ఆపైన పది నిమిషాలు లిఫ్టు వరుసలో నిలబడేవాళ్లం. సగం లిఫ్టులు 12వ అంతస్తు వరకే వెళ్లేవి, మిగిలినవి ఆ పన్నెండూ దాటాకే ఆగేవి. కొత్తగా వచ్చినవారు తప్పు లిఫ్టు ఎక్కి, మళ్లీ కిందికి దిగి, వరుస చివరికి చేరడం రోజూ చూసేవాళ్లం. పన్నెండున్నరకు డబ్బావాలాలు టిఫిను క్యారియర్లతో వస్తే వారిని సరుకుల లిఫ్టు దగ్గరికి పంపేవారు. అది కదిలే తీరుకు మా పప్పన్నం ఒక్కోసారి ఒంటిగంట దాటాక గాని బల్ల మీదికి చేరేది కాదు.

ఇందులో ఎవరి అలసత్వమూ లేదు, లెక్కే అలా ఉంటుంది. భవనంలో పనిచేసేవారిలో సుమారు 10 నుంచి 15 శాతం మందిని ఐదు నిమిషాల్లో పైకి చేర్చగలగాలని లిఫ్టుల రూపకర్తలు చూసుకుంటారు. రెండు వేల మంది ఉన్నారనుకుని 12 శాతం తీసుకుంటే 240 మంది. ఇరవై మంది పట్టే లిఫ్టులో నిజంగా ఎక్కేది పదహారు మందే. అది పైకి వెళ్లి ఆగుతూ దిగి రావడానికి రెండున్నర నిమిషాలు పడితే ఐదు నిమిషాల్లో రెండు దఫాలు, అంటే 32 మంది. కనుక ఎనిమిది లిఫ్టులు కావాలి. అవి వెళ్లే షాఫ్టులు ప్రతి అంతస్తులోనూ చోటు తినేస్తాయి. అంతస్తులు పెంచిన కొద్దీ లిఫ్టులు పెంచాలి, లిఫ్టులు పెంచిన కొద్దీ కూర్చునే చోటు తగ్గుతుంది.

అమరావతి టవర్ల గురించి మన ఊళ్లో ఏ టీ కొట్టు దగ్గర విన్నా పునాది మాటే వినిపిస్తుంది. 2018 డిసెంబరులో రాఫ్ట్‌కు, అంటే భవనం అడుగంతా ఒకే మందపాటి పలకగా వేసే పునాదికి, కాంక్రీటు పోయడం మొదలై, 2019లో పనులు ఆగి, గుంతల్లో ఏళ్ల తరబడి నీళ్లు నిలిచాయి కాబట్టి ఆ అనుమానం సహజమే. దాన్ని పరిశీలించడానికి 2024లో ఐఐటీ మద్రాసు నిపుణులు వచ్చారు. అది వారి విద్య. బయట వాలుగా అల్లిన ఉక్కు జాలీయే బరువు మోసే పద్ధతి కనుక లోపల స్తంభాలు తగ్గుతాయన్న మాటా నిజమే. కానీ ఐదు టవర్లలో ఒకటి యాభై అంతస్తులు, మిగిలినవి నలభై చొప్పున అన్నప్పుడు, పలనాడు నుంచి అర్జీ పట్టుకుని వచ్చిన రైతు ఏ లిఫ్టు ముందు ఎంతసేపు నిలబడతాడని అడిగినవారు నాకు తగల్లేదు.

గుంటూరు కలెక్టరేటులో సోమవారం అర్జీలకు వచ్చినవారు చెట్టు కింద కూర్చుంటారు, పేరు పిలిస్తే నాలుగు అడుగులు వేసి లోపలికి వెళతారు. అదే మనిషిని 38వ అంతస్తుకు రమ్మంటే, కింద పాసు రాయించుకోవడం, లిఫ్టు వెతుక్కోవడం, పైన ‘సారు భోజనానికి వెళ్లారు’ అనిపించుకోవడంతో పూట గడిచిపోతుంది. జనం వచ్చిపోయే విభాగాలను మొదటి ఐదారు అంతస్తుల్లో పెట్టి, ఫైళ్లతో తప్ప మనుషులతో పని లేని మాలాంటివారిని పైకి పంపడమే సబబని నా అభిప్రాయం.

మెట్ల సంగతి ఒకటి ఉంది. అగ్నిప్రమాద కసరత్తు పేరుతో ఏడాదికి ఒకసారి మమ్మల్ని దింపేవారు. పంతొమ్మిది అంతస్తులు దిగడానికి నాకు పద్నాలుగు నిమిషాలు పట్టింది, ముందున్నవారు ఆగితే మనమూ ఆగాలి కాబట్టి. మూడు రోజులు పిక్కలు పట్టేశాయి. ఒకసారి 11వ అంతస్తు మలుపులో ఎవరో విరిగిన కుర్చీలు, పాత లెడ్జర్ల మూటలు పేర్చి ఉంచారు. ఒక్కొక్కరం పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని దాటవలసి వచ్చింది. భవన నిర్వాహకులకు రాసి ఇచ్చాను. మరుసటి ఏడాది కసరత్తుకు కుర్చీలు లేవు, లెడ్జర్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

అంతస్తు ఎంచుకునే వీలు దొరికితే నేనైతే పదో అంతస్తు లోపే అడుగుతాను. పైనే వేస్తే, చేరిన మొదటి వారంలోనే ఒక సాయంత్రం లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా కింది దాకా దిగి చూడండి. ఏ మలుపులో ఏమి పేర్చారో, ఏ తలుపుకు తాళం వేశారో ఆ ఒక్కసారితో తెలిసిపోతుంది.