జీడి మోడు చిగురేసింది సరే, మరి నా సంగతేటి అన్నాడు మా మావయ్య

చెల్లీ, మీ ప్రశ్న రెండు సార్లు చదివాను. విజయనగరంలో కొత్తగా సండే స్కూల్ టీచర్‌గా చేరారు, పిల్లలకి ప్రకృతి నుంచి, రోజువారీ జీవితం నుంచి విశ్వాస పాఠాలు చెప్పమని పాస్టర్ గారు అప్పగించారు, మీకేమో చెట్టుని చూస్తే చెట్టే కనబడుతోంది, పిట్టని చూస్తే పిట్టే కనబడుతోంది, అందరికీ కనబడే దేవుడు నాకెందుకు కనబడట్లేదు, నా విశ్వాసంలోనే ఏదైనా లోపం ఉందా అని అడిగారు.

లోపం ఏమీ లేదమ్మా. చెట్టు చెట్టులాగా కనబడటమే మంచిది ముందు. నేను పలాస దగ్గర ఉద్దానం ఊరి దాన్ని, కాశీబుగ్గలో టైలరింగ్ చేస్తాను, మాకు ఎకరన్నర జీడి తోట, పద్దెనిమిదేళ్ళుగా మా చర్చిలో సండే స్కూల్ చెప్తున్నాను. మొదట్లో నేను కూడా ప్రతిదానికీ ఒక పాఠం అతికించేసేదాన్ని, చీమ కనబడితే కష్టపడాలి, కొవ్వొత్తి కనబడితే వెలుగుగా ఉండాలి, పిల్లలు తల ఊపేవాళ్ళు, బయటికెళ్ళగానే మర్చిపోయేవాళ్ళు. అది ఎందుకు మానేశానో చెప్తాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పని చేసేది, సెలవుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. జీడి పిక్క పైన పెంకులో జిగట రసం ఉంటుంది, చేతికి తగిలితే చర్మం కాలిపోయి నల్లగా ఊడొస్తుంది, అందుకే కొట్టేవాళ్ళు చేతులకి నూనో బూడిదో రాసుకునేవాళ్ళు, మా అమ్మ వేళ్ళు నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ నలుపే. పెంకు కొట్టాక లోపలి పప్పుకి ఎర్రటి పొట్టు అంటుకుని ఉంటుంది, దాన్ని బోర్మాలో పెట్టి వేడికి ఆరబెడతారు, అప్పుడు గానీ పొట్టు వదలదు. నాకు తొందర, సరిగ్గా ఆరని పప్పు గోళ్ళతో గోకేసేదాన్ని, అది కాస్తా విరిగి బద్దలయ్యేది, గుండుకి ఉన్న రేటు బద్దకి ఉండదు, ముక్కకి అసలే ఉండదు. అమ్మ తిట్టేది కాదు, "తొందరెట్టకే అమ్మీ, ఏడి తగల్నిదే పొట్టు ఒగ్గదు" అనేది. అంతే. అది పని చెప్పడం, వాక్యం చెప్పడం కాదు.

చాలా ఏళ్ళ తర్వాత అమ్మకి బాగా జబ్బు చేసి మంచం మీద ఉన్నప్పుడు నేను పక్కన కూర్చుంటే తనే అంది, "నన్నూ బోర్మాలో ఎట్టాడే దేవుడు, పొట్టు ఊడతంది" అని, నా చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆ మాట నేను మా అమ్మతో అని ఉంటే ఎంత పాపం అయ్యేది చెప్పండి. తన గురించి తను అనుకుంది కాబట్టి అది విశ్వాసం, పక్కోళ్ళు అని ఉంటే అది రాయి విసరడం. ఈ తేడా నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు, తిత్లీ తుఫాను వచ్చాక అర్థం అయ్యింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వజ్రపుకొత్తూరు మండలం వైపే తీరం దాటింది. అంతకుముందు 2013లో ఫైలిన్ చూశాం, 2014లో హుద్‌హుద్ చూశాం, కానీ ఇది వేరు. ఆ రాత్రి గాలి శబ్దం రైలు ఇంటి మీదుగా వెళ్తున్నట్టు ఉంది, పైన రేకులు ఒక్కోటి లేచిపోతుంటే పిల్లల్ని మంచం కిందకి తోసి పాటలు పాడించాను. తెల్లారాక బయటికొస్తే అసలు ఊరు ఇటా అటా తెలీలేదు, ఎందుకంటే మాకు దారి గుర్తు చెట్లే కదా, ఆ చెట్లే లేవు. ఉద్దానం అంటే ఉద్యానవనం అనే మాట నుంచి వచ్చింది అంటారు, ఆ వనమంతా నేల మీద పడుకుంది. మా తోటలో తొంభై జీడి చెట్లుంటే అరవై దాకా పోయాయి, మధ్యలో ఉన్న కొబ్బరి చెట్లు సగానికి విరిగాయి.

ఆ వారంలోనే ప్రార్థన కూటంలో ఒకాయన, పేరెందుకు లెండి, మా ఆయన భుజం మీద చెయ్యేసి బైబిల్లో యోబు గ్రంథం 14వ అధ్యాయం చెప్పాడు, యోబంటే పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ అన్నీ పోగొట్టుకున్న మనిషి. చెట్టుని నరికినా మళ్ళీ చిగురు వేస్తుందని నమ్మకం ఉంది, వేరు పాతబడినా మోడు మట్టిలో చచ్చినా నీటి వాసన తగిలితే చాలు చిగురిస్తుంది అన్నాడు యోబు, కాబట్టి నువ్వూ ఏడవకు బ్రదర్ ఈ చెట్టుని చూసి నేర్చుకో అన్నాడు. మా ఆయన ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం "కొబ్బరి సెట్టు ఎప్పుడైనా సిగురేసిందా" అన్నాడు. నిజమే కదా, కొబ్బరికి మొవ్వు ఒకటే, అది విరిగితే చెట్టు అయిపోయినట్టే, ఎంత నీరు పోసినా రాదు. ఆయన మళ్ళీ ఆ కూటానికి నాలుగు నెలలు వెళ్ళలేదు, నేను బలవంతం చెయ్యలేదు.

జీడి మోళ్ళు మాత్రం చిగురేశాయి, ఆ మాట కూడా చెప్పాలి. పడిపోయిన చెట్లు కోసి కర్రకి అమ్మేశాం, కొన్ని మోళ్ళు పెకలించడానికి డబ్బుల్లేక వదిలేశాం, సంక్రాంతి దాటాక ఒకరోజు నేను, మా మావయ్య తోటకి వెళ్తే బోరింగ్ పక్కన మోడు అంచునుంచి ఎర్రగా లేత చిగురు, జీడి కొత్త ఆకు ఎర్రగా ఉంటుంది తెలుసు కదా, పసిపిల్ల చెవిలా పల్చగా, ఎండ అవతల్నుంచి పడితే ఈనెలు కనబడుతున్నాయి. నాకు కన్నీళ్ళొచ్చేశాయి. ఆదివారం పిల్లలకి చెప్పాల్సింది దొరికిందని కూడా అనుకున్నాను.

మా మావయ్యకి అప్పటికే కిడ్నీ జబ్బు. మా ఉద్దానంలో ఇంటికొకరు అన్నట్టు ఉంది ఆ జబ్బు మీరు వినే ఉంటారు. వారానికి రెండు సార్లు డయాలసిస్‌కి వెళ్ళొచ్చేవాడు, కాళ్ళు ఉబ్బిపోయి ఉండేవి. ఆ మోడు పక్కన చతికిలబడి ఆ చిగురుని వేలితో అలా తాకి, "సెట్టుకైతే సిగురొచ్చింది. మరి నా సంగతేటమ్మా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి బైబిల్ తీసి ఆ 14వ అధ్యాయం మొత్తం చదివాను, ఎప్పుడూ ఆ చిగురు దాకా చదివి ఆపేసేదాన్ని, కూటంలో చెప్పిన ఆయన కూడా అక్కడే ఆపాడు. కింద వచనం చూడండి చెల్లీ, చెట్టుకైతే నమ్మకం ఉంది గానీ మనిషి చనిపోతే అలాగే పడి ఉంటాడు, తర్వాత ఎక్కడున్నాడు అంటాడు యోబు. ఇంకొంచెం కింద, మనిషి చనిపోయాక మళ్ళీ బతుకుతాడా అని అడుగుతాడు. అంటే అక్షరం రాని మా మావయ్య మోడు పక్కన కూర్చుని అడిగింది సరిగ్గా యోబు అడిగిందే. మేమేమో చిగురు వరకు చదివి ఓదార్పు వచనం అని గోడకి పెట్టేసుకున్నాం.

అప్పట్నుంచి యోబు గ్రంథం చాలా సార్లు చదివాను. పన్నెండో అధ్యాయంలో మృగాల్ని అడుగు బోధిస్తాయి, ఆకాశ పక్షుల్ని అడుగు చెప్తాయి అని ఉంది కదా, ప్రకృతి పాఠాలకి అందరూ చెప్పే వచనం అదే, మీకూ పాస్టర్ గారు అదే ఇచ్చి ఉంటారు. కానీ యోబు ఆ మాట ఎవరితో అంటున్నాడు? తన కష్టానికి కారణాలు చెప్పి పాఠాలు పీకుతున్న స్నేహితులతో. మీరు చెప్పేదేటి, పిట్టకి కూడా తెలుసు ఇదంతా దేవుడి చేతిలోనే ఉందని, అన్నట్టుగా అంటున్నాడు. చివరికి 38 నుంచి 41 దాకా దేవుడే మాట్లాడి వాన, మంచు, కొండమేకలు, నిప్పుకోడి, మనిషే లేని ఎడారి మీద కురిసే వర్షం అన్నీ చూపిస్తాడు, ఒక్కటి కూడా దీన్నుంచి ఇది నేర్చుకో అని చెప్పడు. చాలావరకు ప్రశ్నలే. నువ్వు చూశావా, నీకు తెలుసా, నువ్వెక్కడున్నావ్ అప్పుడు అని. యోబు నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పాఠాలు చెప్పిన స్నేహితుల మీద మాత్రం దేవుడికి కోపం వచ్చింది, అది 42లో ఉంది. ఇది గమనించాక నేను పిల్లలకి చెప్పే పద్ధతే మారిపోయింది.

నాకు అర్థమైనంత వరకు, చెట్టూ పిట్టా మనల్ని ఒక ప్రశ్న దాకా తీసుకెళ్తాయి. అక్కడ జవాబు చెప్పడం వాటి పని కాదు. మావయ్య ప్రశ్నకి జీడి మోడు దగ్గర జవాబు లేదు, అది యేసు ప్రభువు దగ్గరే ఉంది.

మావయ్య 2020 ఫిబ్రవరిలో పోయాడు. మా దగ్గర ఈస్టర్ నాడు తెల్లవారుజామునే సమాధుల తోటకి కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తాం, మీ వైపూ ఉంటుంది అనుకుంటాను, ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 12న వచ్చింది, లాక్‌డౌన్, చర్చి మూత, సమాధుల దగ్గరికి గుంపుగా వెళ్ళడానికి లేదు. కొత్తగా మనిషి పోయిన ఇల్లు, ఎంత బాధగా ఉంటుందో. పొలం పనికి మాత్రం వెళ్ళొచ్చు కాబట్టి నేను మా ఆయన చీకటితోనే పిక్కలు ఏరడానికి తోటకి వెళ్ళాం, పండిన జీడి రాలి కింద పడుతుంది కదా, ఎండెక్కక ముందే ఏరుకోవాలి. ఆ బోరింగ్ పక్క మోడు చిగుర్లు మనిషెత్తు పెరిగి మొదటిసారి నాలుగు పళ్ళు కాశాయి. మా ఆయన ఫోన్ లైట్ పెట్టి యేసు సమాధిలోంచి లేచిన ఉదయం గురించి ఉన్న యోహాను సువార్త 20వ అధ్యాయం చదివాడు, కూటం మానేసిన మనిషి తనంతట తనే చదివాడు. సమాధి దగ్గర మరియ ఏడుస్తూ యేసు వైపు తిరిగి ఆయన తోటమాలి అనుకుంది అనే దగ్గర ఆగిపోయాడు. యేసుని పాతిపెట్టింది కూడా తోటలోనే అని ముందు అధ్యాయంలో ఉంది. మేము పుట్టినప్పట్నుంచి సమాధుల తోట సమాధుల తోట అంటూనే ఉన్నాం, తోట అనే మాట మీద మాకెప్పుడూ ధ్యాస లేదు. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు, తర్వాత పిక్కలు ఏరుకున్నాం, ఆ రోజు రెండు బకెట్లు వచ్చాయి.

ఇక పిల్లలకి ఎలా చెప్పాలి అన్నారు కదా. నేనైతే వాళ్ళని బయటికి తీసుకెళ్ళి చూడమంటాను, ఏం చూశారో చెప్పమంటాను, అంతే, పాఠం చెప్పను. మత్తయి 6లో ప్రభువు కూడా పక్షుల్ని చూడమన్నాడు, పువ్వులు ఎలా ఎదుగుతున్నాయో ఆలోచించమన్నాడు, తొందరపడమని అనలేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది, చలికాలం ముందు గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి, ఊరివాళ్ళు ఒక్క రాయి విసరనివ్వరు, మా పిన్నిది అటువైపే, పురిటికొచ్చిన ఆడపిల్లలమ్మా అవి అంటుంది. యిర్మీయా 8:7లో కొంగకి కూడా తన కాలం తెలుసు గానీ నా జనానికి తెలీట్లేదు అని దేవుడు బాధపడతాడు, మన తెలుగు బైబిల్లో సంకుబుడి కొంగ అని ఉంటుంది ఆ మాట. పిల్లలకి చెట్టు కింద నిలబెట్టి చదివి వినిపిస్తే పుస్తకంలో చదివినట్టు ఉండదు.

2022 మొదట్లో అలాగే పదకొండు మంది పిల్లల్ని తీసుకెళ్ళాను. ఆ చలికాలం అక్కడ గూడబాతులు చాలా చచ్చిపోయాయి, తిన్న చేపల నుంచి పొట్టలోకి పురుగులు చేరాయని తేల్చారు. నాకు వెళ్ళే ముందు అంతగా తెలీదు. చింతకొమ్మకి ఒకటి తలకిందులుగా వేలాడుతోంది, రెక్క సగం తెరుచుకుని, కింద వాసన. ఏడో తరగతి గుంటడు ఒకడు నా కొంగు లాగి, "టీచర్, దేవుడు పిట్టల్ని పోషిస్తాడు అన్నారు, మరి ఇదేటి సచ్చిపోయింది?" అన్నాడు.

పాత నేనైతే ఏదో ఒకటి అల్లేసేదాన్ని. ఆ రోజు నాకు తెలీదురా, ఇద్దరం చూద్దాం అని అక్కడే గట్టు మీద కూర్చుని మత్తయి 10:29 తీశాను. కాసుకి రెండు పిచ్చుకలు అమ్ముతారు, మీ తండ్రి సెలవు లేకుండా అందులో ఒక్కటి కూడా నేల మీద పడదు అని ఉంది. పిచ్చుక పడదు అని లేదు. వాడు వేలు పెట్టి రెండు సార్లు చదువుకుని, "అంటే పడినప్పుడు కూడా ఆయన పక్కనున్నాడన్నమాటేటి టీచర్?" అన్నాడు. వాడి నాన్న కూడా కిడ్నీ పేషెంటే. నేను అవునమ్మా అని మాత్రం అన్నాను.

మీ పిల్లల్ని కూడా ఒకసారి తీసుకురండి చెల్లీ, విజయనగరంలో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి నౌపడ జంక్షన్‌లో దిగితే అక్కడికి దగ్గరే, ఆటోలు దొరుకుతాయి. డిసెంబర్, జనవరి అయితే గూళ్ళలో పిల్లలుంటాయి, తల్లి నోటి సంచిలో తల దూర్చి చేపలు తింటాయి, అది చూడాలి పిల్లలు. టోపీలు, నీళ్ళ బాటిళ్ళు మర్చిపోకండి, భోజనం మా పిన్ని వాళ్ళింట్లో వండిద్దాం, ఎంతమందో ఒక రోజు ముందు చెప్తే చాలు.