ఆగితే చాలదు

ప్రశ్న: పన్నెండేళ్ల బాబు మొదలుకొని అరవై దాటిన పెద్దల వరకు మా కాలనీలో తొమ్మిది మందిమి సైకిళ్లు తొక్కుతాం. జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాటి సాయంత్రం, నార్సింగి దగ్గరి సోలార్ సైకిల్ ట్రాక్‌ మీద తీరికగా తిరిగి రావాలనుకుంటున్నాం. పోయినసారి మా అత్తగారు వెనకబడి, బాగా అలసిపోయి, ఇక రానన్నారు. ఆమెను మళ్లీ ఎలా రప్పించాలి? ఆ ఎండల్లో ఎన్ని గంటలకు బయల్దేరాలి?
— ఒక పాఠకురాలు, మణికొండ

జవాబు: మీ అత్తగారి అలసటకు వయసు కంటే బృందం నడిచిన తీరే కారణమై ఉండవచ్చు. సాధారణంగా ముందువారు ఒకచోట ఆగి, నీళ్లు తాగి, కబుర్లు చెప్పుకుంటూ ఎదురుచూస్తారు. చివరి మనిషి వచ్చి, కాలు నేలకు ఆనించి, సీసా మూత తిప్పుతుండగానే “అందరం వచ్చేశాంగా, పదండి” అంటూ బయల్దేరిపోతారు. విశ్రాంతి ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది దక్కదు. కిందటి వేసవిలో మా బృందంలోని ఒక పెద్దావిడ నాలుగుచోట్ల ఆగినా సీసాలో సగం నీళ్లు కూడా తాగలేకపోయారని ఇంటికి చేరాక గాని నేను గమనించలేదు. ఆ రోజు అందరికంటే ముందున్నది నేనే కనుక ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది.

అందుచేత ఈసారి దారి తెలిసినవారు ఒకరు ముందుండి, వారి వెనకే మీ అత్తగారిని, ఆ తరువాత బాబును రానివ్వండి. గాలి పంపు, పంక్చర్ సామాను ఉన్నవారు చిట్టచివర ఉండాలి. ఆమె మాట తెగకుండా కబుర్లు చెబుతూ తొక్కగలిగినంత వేగమే అందరి వేగం. ఆగినప్పుడు కూడా ఆమె సైకిల్ దిగిన క్షణం నుంచే పది నిమిషాలు లెక్కపెట్టండి.

2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ ట్రాక్‌ను ఔటర్ రింగ్ రోడ్డు వెంట మొత్తం 23 కిలోమీటర్ల పొడవున నిర్మించారు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఉన్న భాగమే సుమారు పద్నాలుగున్నర కిలోమీటర్లు, అంటే చివరిదాకా వెళ్లి వస్తే 29 అవుతుంది. మీ బృందానికి అది ఎక్కువ. ఆరేడు కిలోమీటర్ల దగ్గరే వెనక్కి తిరగండి.

రోహిణి కార్తె ఇంకా ముగియదు కనుక, పైన సౌర ఫలకాల నీడ ఉన్నా, పొద్దు వాలాక కూడా నేల సెగ కక్కుతూనే ఉంటుంది. అప్పుడు హైదరాబాదులో సూర్యాస్తమయం ఆరూ ముప్పావు ప్రాంతంలో ఉంటుంది. ఆరింటికి ట్రాక్ చేరితే చాలు. తిరుగుదారిలో చీకటి పడుతుంది కాబట్టి ప్రతి సైకిల్‌కూ ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం తప్పనిసరి. ఆ రోజుల్లో ఈదురుగాలులు, ఉరుములు హఠాత్తుగా వస్తాయి. ఉరుము వినిపిస్తే ఆ పైకప్పు కింద నిలబడకుండా దగ్గరలోని పక్కా భవనంలోకి వెళ్లండి.

ఇక ఆమెను పిలిచే ముందు ఆమె సైకిల్ సీటు చూడండి. పడిపోతామన్న భయంతో పెద్దవారు సీటును బాగా కిందికి దించుకుంటారు, దాంతో మోకాళ్ల మీద భారం పడుతుంది. పెడల్ అడుగుకు చేరినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు దాదాపు నిటారుగా రావాలి. ఒకేసారి ఎత్తకుండా రోజుకు కొంచెం చొప్పున పెంచి, కాలనీలోనే రెండు చుట్లు తొక్కించండి. అప్పుడు “అత్తయ్యా, ఎక్కడ ఆగాలో ఈసారి మీరే చెప్పండి” అని అడగండి.