వలస మీద ఇన్‌స్టలేషన్లు: వివరణ చీటీ కంటే ముందు వస్తువును చూడండి

సూట్‌కేసులు, పడవలు, తాళంచెవులు... వలస గురించిన ఇన్‌స్టలేషన్లన్నీ (వస్తువులను ఒక చోట అమర్చి చేసే కళాఖండాలన్నీ) ఒకే మూసలో ఉన్నాయని, సొంత ఊరు విడిచి వచ్చిన మనిషినై ఉండి కూడా వాటి ముందు నిలబడితే ఏమీ కలగడం లేదని మీరు రాశారు. లోపం నాలోనా, వాటిలోనా అని అడిగారు. చాలాసార్లు వాటిలోనే. ఈ మాట మొహమాటం లేకుండా అనగలను. కొన్నేళ్ళపాటు ఒక ప్రదర్శనశాలలో గదికి కాపలాగా కూర్చునే ఉద్యోగం చేశాను. విమర్శకులు వచ్చి కాసేపు చూసి వెళ్ళిపోతారు. కాపలా మనిషి రోజంతా అక్కడే ఉంటాడు. కళాఖండాన్నీ చూస్తాడు, దాన్ని చూసేవాళ్ళనీ చూస్తాడు.

వచ్చినవారిలో ఎక్కువమంది నేరుగా గోడ మీది వివరణ చీటీ దగ్గరకు నడుస్తారు. అందులో అస్తిత్వం, మూలాలు, స్థానభ్రంశం అన్న మాటలు కనబడగానే ముఖం గంభీరంగా మారుతుంది. తర్వాత వస్తువు వైపు ఒక చూపు, ఒక ఫొటో, ఇక పక్క గది. అక్కడ పని చేసింది చీటీ, కళాఖండం కాదు. కొన్నిటి దగ్గర మాత్రం జనం చీటీ సంగతే మరిచిపోతారు. వంగి చూస్తారు, వాసన పీలుస్తారు, అడుగు వేయాలా వద్దా అని తటపటాయిస్తారు. ఈ రెండో రకంలో కళాకారులు తమ బాధను ప్రకటించి ఊరుకోలేదు, చేతిలోని పదార్థంతో తేల్చుకున్నారు. నేను చూసే తేడా అదే.

ఉదాహరణకు దో హో సుహ్. 1962లో సోల్‌లో పుట్టి, చదువు కోసం అమెరికా వెళ్ళిన కళాకారుడు. న్యూయార్క్‌లో వీధి చప్పుడుకు నిద్ర పట్టని రోజుల్లో, చివరిసారి హాయిగా నిద్రపోయింది ఎక్కడా అని ఆలోచిస్తే సోల్‌లో తాను పెరిగిన ఇల్లు గుర్తొచ్చిందట. ఆ ఇంటిని అంగుళం వదలకుండా కొలిచి, పారదర్శకమైన లేత ఆకుపచ్చ పట్టుతో అదే పరిమాణంలో కుట్టించాడు. 1999లో లాస్ ఏంజిలిస్‌లో మొదట ప్రదర్శించాడు. మడిచి పెట్టెలో పెట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళవచ్చు. ఏ నగరంలో వేలాడదీస్తే ఆ నగరం పేరు శీర్షికలో చేరుతుంది: సోల్ ఇల్లు, లాస్ ఏంజిలిస్ ఇల్లు, న్యూయార్క్ ఇల్లు... ఇలా పెరుగుతూనే ఉంటుంది. తర్వాత న్యూయార్క్‌లో తాను అద్దెకున్న ఇంటినీ గుడ్డతో చేశాడు. నన్ను పట్టి నిలిపేది ఆ ఇంటి గోడలు కాదు, గోడల మీది చిల్లర సామాను. దీపాల స్విచ్చులు, తలుపు గొళ్ళేలు, నీటి గొట్టాలు, పొయ్యి, వేడినిచ్చే రేడియేటర్, అన్నీ దారంతో, సన్నని గుడ్డతో. చీకట్లో తడుముకోకుండా చెయ్యి వెళ్ళే చోటే మనకు ఇల్లు అని ఆయనకు తెలుసు. ఇంకో పనిలో గోడలకూ తలుపులకూ కాగితం అంటించి, రంగు పెన్సిళ్ళతో రుద్ది, ప్రతి గీతనూ గుంతనూ అచ్చు తీశాడు. అందులో కన్నీరు ఎక్కడా లేదు, ఉన్నదంతా కొలత. నాకు మాత్రం ఆ కొలతలోనే దిగులు కనిపిస్తుంది. ఇంకా అందుబాటులో ఉన్న దేన్నీ మనం అంత శ్రద్ధగా కొలవం.

మోనా హాటూమ్ దారి వేరు. పాలస్తీనా కుటుంబంలో 1952లో బేరూత్‌లో పుట్టారు. 1975లో లండన్ వెళ్ళి ఉండగా లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలై, తిరిగి వెళ్ళలేక అక్కడే ఉండిపోయారు. 1996లో జెరూసలేంలో ఆమె నేల మీద రెండు వేలకు పైగా సబ్బు బిళ్ళలను పరిచారు. పాలస్తీనా పట్టణం నాబ్లస్‌లో ఆలివ్ నూనెతో తరతరాలుగా చేస్తున్న సబ్బు అది. వాటి మీద చిన్న ఎర్ర గాజుపూసలను గుచ్చి, ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య కుదిరిన ఓస్లో ఒప్పందం ప్రకారం పాలస్తీనా పాలనకు అప్పగించవలసిన ప్రాంతాల హద్దులు గీశారు. దూరం నుంచి చూస్తే చర్మం మీద పొక్కుల్లా కనిపిస్తాయి, దేశపటమని వెంటనే తట్టదు. నీళ్ళు తగిలితే కరిగే వస్తువు మీద సరిహద్దు గీయడంలో ఉన్న వ్యంగ్యాన్ని వివరించడానికి చీటీ అక్కర్లేదు. అదే పటాన్ని పాలరాతి మీద చెక్కి ఉంటే ఈ ముక్క రాయవలసిన పనే ఉండేది కాదు.

ఇక పడవలు. మీ విసుగు నాకు అర్థమైంది, నాకూ అదే విసుగు. వాటిలో అన్నిటికంటే వివాదం రేగింది 2019 వెనిస్ బినాలేలో, అంటే రెండేళ్ళకోసారి జరిగే కళాప్రదర్శనలో. 2015 ఏప్రిల్‌లో మధ్యధరా సముద్రంలో వందలమందితో మునిగిపోయిన అసలు పడవనే స్విస్ కళాకారుడు క్రిస్టోఫ్ బ్యూషెల్ తెచ్చి ఒడ్డున నిలబెట్టాడు. పక్కన కాఫీ దుకాణం. చీటీ లేదు, కావాలనే పెట్టలేదు. దాన్ని నేపథ్యంగా పెట్టుకుని జనం ఫొటోలు దిగారు. అలా జరగడమే కళాఖండం ఉద్దేశమని సమర్థించినవారున్నారు. నేను ఒప్పుకోను. చావు జరిగిన వస్తువును ఎత్తుకొచ్చి పెట్టడంలో కళాకారుడు చేసిన పని ఏముంది? రవాణా తప్ప.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచేది 2016 కొచ్చి ముజిరిస్ బినాలేలో చిలీ కవి రౌల్ సురీతా చేసిన పని. ఆస్పిన్‌వాల్ భవనంలోని గోదాములోకి సముద్రపు నీళ్ళు నింపారు. అంతే. చెప్పులు విప్పి, ఆ నీళ్ళలో నడిచి వెళితేనే అవతలి గోడ మీది రాత చదవగలం. అది గాలిప్ కుర్దీకి అంకితం. 2015లో శరణార్థుల పడవ మునిగి చనిపోయి, టర్కీ తీరంలో బోర్లా పడి ఉన్న సిరియా చిన్నారి అలన్ ఫొటో లోకమంతా చూసింది. అదే ప్రమాదంలో పోయిన ఆ పిల్లవాడి అన్న గాలిప్‌కు అలాంటి ఫొటో లేదు. నేను నడిచినప్పుడు నా వెనక ఎవరో నవ్వుతూ దిగారు, సగం దూరంలో నవ్వు ఆగింది. పడవ లేదు, బొమ్మ లేదు. ఉన్నది నీరూ, నడవాల్సిన దూరమూ.

వారసత్వం సంగతికొస్తే, 'నా సంస్కృతి, నా మూలాలు' అని గుండె బాదుకునే పనుల కంటే యింకా షోనిబరే నాకు నచ్చుతాడు. లండన్‌లో పుట్టి లాగోస్‌లో పెరిగినవాడు. ఆయన వాడే రంగురంగుల బట్టను చూడగానే అందరూ ఆఫ్రికా అంటారు. అసలు అది మైనంతో అద్దకం వేసే ఇండోనేషియా బాతిక్‌ను అనుకరించి డచ్చివాళ్ళు యంత్రాల మీద అచ్చువేసి, పశ్చిమ ఆఫ్రికాలో అమ్ముకున్న సరుకు. ఆఫ్రికా దాన్ని తనది చేసుకుంది. 2010లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఓడ నమూనాను పెద్ద సీసాలో పెట్టి, దాని 37 తెరచాపలనూ ఆ బట్టతోనే కుట్టించాడు. సామ్రాజ్యానికి విజయం తెచ్చిన ఓడకు, ఆ సామ్రాజ్యాల వర్తకం తిప్పిన బట్ట!

మీకేమీ కలగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. మా శాలలో ఒక యువ కళాకారిణి తాను ఖాళీ చేసిన అద్దె ఇంటి పటాన్ని తెల్ల టేపుతో నేల మీద అసలు కొలతల్లో అతికించింది. ఎప్పుడూ ఇల్లు మారనట్టు కనిపించినవాళ్ళు టేపు దాటుకుంటూ వెళ్ళిపోయేవారు. కొందరు మాత్రం గుమ్మం కోసం వదిలిన ఖాళీలోంచే లోపలికి వచ్చేవారు. ఒకావిడ తన కొడుకుకు మంచం ఎక్కడ పడుతుందో చూపించి, అలమర పట్టదని తేల్చి చెప్పింది. వాళ్ళెవరూ ఉద్వేగపడినట్టు కనబడలేదు. ఇల్లు మారేవాళ్ళు చేసే లెక్కలే వేశారు. అందుకని మీరూ కళ్ళు చెమర్చలేదని చింతించకండి. ఏ వస్తువు దగ్గర మీ చేతులు లెక్కలు మొదలుపెడతాయో గమనించండి.

ఇవన్నీ ఫొటోల్లోనే చూడవలసివస్తే, కింద ఉండే కొలతలూ పదార్థాల పేర్లూ చదవండి. సుహ్ ఇల్లు తెరమీద అందమైన పచ్చ దీపంలా కనిపిస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. జపాన్ కళాకారిణి చిహారు షియోటా ఎర్ర దారాలతో అల్లే గదులైతే ఫొటోల్లో అసలు కంటే అందంగా ఉంటాయి. నన్నడిగితే అది వాటికి మెచ్చుకోలు కాదు.