ఆ పది రోజులూ అయిపోకముందే స్కానర్ ఆన్ చెయ్యి నాన్నా

ఒరే నాన్నా,

నీ మెసేజ్ రాత్రే చూశా గానీ ఫోన్‌లో ఇంత టైప్ చెయ్యడం నా వల్ల కాదు, అందుకే పొద్దున్నే సిస్టం ముందు కూర్చుని తీరిగ్గా రాస్తున్నా. విండోస్ 10 నుంచి 11కి మారి నాలుగు రోజులైందన్నావు. సగం మెసేజ్ భలే ఉంది పెద్దమ్మా అని, మిగతా సగం స్టార్ట్ బటన్ మధ్యలోకి ఎందుకొచ్చింది, రైట్ క్లిక్ కొడితే కాపీ పేస్ట్ కనపడట్లేదేంటి, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, వెనక్కి వెళ్లిపోనా అని. వెళ్లాలో వద్దో చెప్తా గానీ ముందు ఒక గడువు సంగతి విను.

అప్‌గ్రేడ్ అయిన రోజు నుంచి 10 రోజులే వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో రికవరీ, అక్కడ గో బ్యాక్ అని బటన్ ఉంటుంది చూడు. నీ పాత విండోస్ మొత్తాన్ని సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో మూటగట్టి పెడుతుంది, గడువు దాటాక తనే తీసేస్తుంది, ఆ తర్వాత వెళ్లాలంటే అంతా తుడిచేసి మొదట్నుంచీ వేసుకోవాల్సిందే. అంటే నీకింకా ఆరు రోజులుంది. చాలవనిపిస్తే కమాండ్ ప్రాంప్ట్‌ని, అదే ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీని, అడ్మిన్‌గా తెరిచి డిజ్మ్ (DISM) అనే కమాండ్‌తో 60 రోజుల దాకా పెంచుకోవచ్చు, కానీ ఆ పని గడువు లోపలే చెయ్యాలి, మూట పోయాక ఎంత పెంచినా లాభం లేదు.

ఈ ఆరు రోజుల్లో రోజూ చేసే పనులు కాదురా చూడాల్సింది, వాటి సంగతి రెండో రోజుకే తెలిసిపోతుంది. నెలకోసారో ఆర్నెల్లకోసారో చేసే పనులుంటాయే, వాటన్నిటినీ పని లేకపోయినా సరే ఇప్పుడే కూర్చుని ఒక్కోసారి చేసి చూడు.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే నేను అక్కడే దెబ్బతిన్నా. 2022లో మారా. మొదటి వారం మెయిల్ బాగుంది, బ్రౌజర్ బాగుంది, ఎక్సెల్ బాగుంది, ఇంకేముంది అనుకున్నా. ఎనిమిదో రోజున సీ డ్రైవ్ నిండిపోయి గీత ఎర్రగా కనిపిస్తే టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ పక్కన టిక్కు పెట్టి రిమూవ్ కొట్టా, ఒక్క దెబ్బకి 20 జీబీ పైన ఖాళీ అయింది, తెగ సంబరపడ్డా. సరిగ్గా ఇంకో పది రోజులకి ఏవో పాత కాగితాలు స్కాన్ చెయ్యాల్సొచ్చింది. స్కానర్ ఆన్ చేస్తే లైట్ వెలిగింది, లోపల ఆ గర్రుమనే చప్పుడూ వచ్చింది, స్క్రీన్ మీద మాత్రం డివైస్ లేదంటుంది. కేబుల్ పీకి పెట్టా, పోర్ట్ మార్చా, రీస్టార్ట్ చేశా, సాయంత్రం దాకా అదే పని. చివరికి తేలిందేంటంటే దాని డ్రైవర్, అంటే స్కానర్‌ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్, మరీ పాతది, కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ ఆన్‌లో ఉంటే అలాంటి డ్రైవర్లని లోపలికి రానివ్వదు. ఆ స్కానర్ చేసిన కంపెనీ కొత్త డ్రైవర్ ఇవ్వడం ఎప్పుడో మానేసింది. వెనక్కి వెళ్దామంటే పది రోజుల గడువు అప్పటికే దాటిపోయింది, పైగా మూటని నా చేత్తో నేనే తీసేశానాయె. ఆ స్కానర్ కోసం రక్షణ ఆఫ్ చెయ్యడం ఇష్టంలేక ఇప్పటికీ ఒక పాత లాప్‌టాప్‌ని నెట్ తగిలించకుండా పక్కన పెట్టుకున్నా, ఆ లాప్‌టాప్ స్కానింగ్ తప్ప ఇంకేం చెయ్యదు, ఆ స్కానర్‌కి అది తప్ప దిక్కులేదు.

కాబట్టి నువ్వు ప్రింటర్‌లో రెండు వైపులా ప్రింట్ తీసి చూడు, ఒకవైపు కాదు. స్కాన్ చెయ్యి. బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకుని ఒక వీడియో కాల్ చెయ్యి, పాట వినపడితే సరిపోదు, మైక్ పనిచేస్తుందో లేదో అవతలివాళ్లే చెప్పాలి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, అదే సంతకం కోసం గుచ్చే యూఎస్‌బీ పుల్ల, ఉంది కదా, అది గుచ్చి ఏదో ఒక పీడీఎఫ్ మీద సంతకం పెట్టి చూడు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఏడాదిది కాదు, రెండేళ్ల కిందటి డేటా తెరువు. లాప్‌టాప్ మూత వేసి ఒక గంటయ్యాక తెరువు, లేస్తుందా లేదా. తెలుగు టైపింగ్ మామూలు యూనికోడ్, అంటే ఫోన్లలో నెట్‌లో అంతటా కనపడే తెలుగు, అయితే దిగుల్లేదు, విండోస్ కీ స్పేస్ కలిపి నొక్కితే కీబోర్డ్ మారుతుంది. డీటీపీ కాలం నాటి, అంటే పాత ప్రెస్సుల్లో వాడిన ఫాంట్లతో చేసిన ఫైల్స్ ఉంటే మాత్రం వాటిని తెరిచి అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఒక పీడీఎఫ్ తీసి పక్కన పడెయ్, ఎందుకైనా మంచిది.

ఇంక నీ ఫిర్యాదుల సంగతి. స్టార్ట్ బటన్‌ని ఎడమకి లాక్కోవచ్చు, టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ కొట్టి టాస్క్‌బార్ సెట్టింగ్స్, కింద టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్ లెఫ్ట్. కాపీ పేస్ట్ ఎక్కడికీ పోలేదు, మెనూ అంచున చిన్న బొమ్మలుగా వరసలో కూర్చున్నాయి, నువ్వు పాత చోట జాబితాలో వెతుకుతున్నావు. పాత మెనూనే కావాలంటే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ కొట్టు, వచ్చేస్తుంది. ఇవన్నీ చేతి అలవాటురా, రెండు వారాలు పడుతుంది. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు ఆ నీలం ఆకుపచ్చ రంగులు చూసి ఇదేంటి పిల్లల బొమ్మలాగుందని క్లాసిక్ థీమ్ పెట్టుకున్నదాన్ని నేను, 2014 ఏప్రిల్‌లో దానికి సపోర్ట్ ఆపేసినప్పుడు వదల్లేక వదల్లేక వదిలిందీ నేనే. అలాగని అన్నీ అలవాటైపోతాయని కూడా చెప్పను. విండోస్ 8లో స్టార్ట్ బటనే తీసేశారు, జనం గోల చేస్తే 8.1లో మళ్లీ తెచ్చిపెట్టారు, అలాంటివీ ఉంటాయి. ఈ 11లో స్టార్ట్ మెనూలో ఆ రికమెండెడ్ అనేది నాకు ఇప్పటికీ పడదు, నేను తెరిచిన ఫైల్స్ పేర్లు పక్కన కూర్చున్నవాళ్లకి చూపించడం ఎందుకో. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, స్టార్ట్ దగ్గర ఆపేశా. విడ్జెట్స్ కూడా.

ఫ్యాన్ గురించి కంగారు పడకు, మారిన కొత్తలో సెర్చ్ కోసం నీ ఫైల్స్ అన్నీ మళ్లీ లెక్కేసుకుంటుంది, డ్రైవర్లు దించుకుంటుంది, వైరస్‌ల కోసం స్కాన్ చేసుకుంటుంది, రెండు రాత్రులు చార్జర్ పెట్టి నిద్రపోకుండా వదిలెయ్, నువ్వు కాదు, లాప్‌టాప్. అప్పటికీ ఆగకపోతే కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో ఏది తింటుందో చూడు, స్టార్టప్ యాప్స్‌లో అక్కర్లేనివి డిసేబుల్ చెయ్యి. 4 జీబీ ర్యామ్ చాలని రూల్స్‌లో రాసుంటుంది గానీ అది ఎక్కించడానికి చాలుతుంది, పని చేసుకోవడానికి చాలదు, నన్నడిగితే 8 ఉండాలి, డిస్క్ ఎస్ఎస్‌డీ అయ్యుండాలి.

నువ్వు భలే ఉందన్నావు చూడు, వాటిలో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబులు నాకూ ఇష్టం. విండోస్ కీ జెడ్ నొక్కి చూశావా, స్క్రీన్‌ని ఎలా పంచాలో బొమ్మ వస్తుంది, ఎడమవైపు ఎక్సెల్ కుడివైపు పీడీఎఫ్ పెట్టుకుని లెక్కలు సరిచూసుకోవడానికి నాకు దాన్ని మించింది లేదు.

ఇంకోటి, ఇది మర్చిపోకు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్ మొత్తానికి వేసే తాళం, ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది, మామూలుగా నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది, దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. అదే లాప్‌టాప్‌లో సేవ్ చేస్తే తాళంచెవి ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. బయాస్‌లో, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగ్స్‌లో, ఏదైనా మార్చినప్పుడు ఆ కీ అడగొచ్చు, ఆ అంకెలు లేకపోతే లోపలున్న ఫోటోలు, ఫైల్స్ అన్నీ పోయినట్టే.

బయాస్ అంటే గుర్తొచ్చింది, మీ నాన్న డెస్క్‌టాప్‌కి కూడా 11 వేస్తానన్నావు. ఆగు. ముందు దాని ప్రాసెసర్ చూడు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టం మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ కావాలి. టీపీఎం లేదని చూపిస్తే నమ్మెయ్యకు, చాలాసార్లు బయాస్‌లో ఆఫ్‌లో ఉంటుంది, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని పేరుంటుంది. ప్రాసెసరే పాతదైతే మాత్రం ఏవో ట్రిక్కులు చేసి ఎక్కించకు, అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, రేపు ఏదైనా ఆగిపోతే మీ నాన్న నీకు ఫోన్ చేస్తాడు, నువ్వు నాకు చేస్తావు. ఆయన చూసేది వార్తలూ మెయిలూ, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసిచ్చెయ్, హాయిగా నడుస్తుంది.

సరే, వెనక్కి వెళ్లాలా వద్దా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విడిగా ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకి నమోదు చేసుకున్నా అది కొన్నాళ్ల ముచ్చటే. కాబట్టి బటన్ జరిగిందని, రంగు నచ్చలేదని వెళ్లకు. పైన చెప్పిన పనుల్లో ఏదైనా నీకు తప్పనిసరైనది ఆగిపోతే మాత్రం మొహమాటం లేకుండా వెళ్లిపో, దానికి దారి చూసుకుని మళ్లీ రా. వెళ్లినా నీ ఫైల్స్ ఉంటాయి, ఈ నాలుగు రోజుల్లో కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్లు పోతాయి, అయినా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఒక కాపీ తీశాకే ఆ బటన్ నొక్కు.

రాత్రికి ఆ టోకెన్, స్కానర్ రెండూ చూసి చెప్పు. సీ డ్రైవ్ ఎర్రగా కనిపించినా సరే, నన్నడక్కుండా ఏదీ రిమూవ్ కొట్టకు.

మీ పెద్దమ్మ