ముందు ఆ పుంజు సంగతి తేల్చు

కావలి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ దీవెనలు.

నువ్వు దొడ్లో కోళ్లు పెట్టి గుడ్లు అమ్మాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గూడు కట్టించావట, గ్రామప్రియ అనే సంకర జాతి కోడిపిల్లలు ముప్పై చెప్పి పెట్టావట, పక్కింటాయన ముచ్చటపడి డేగ పుంజునొకదాన్ని ఇచ్చాడట. మొదటి రెండు మాటలకూ గర్వమేసింది. మూడో మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు గనక కాగితం మీద పెడుతున్నా.

గూడు సంగతి రెండు ముక్కల్లో చెబుతా. పగలు దొడ్లో తిరిగే కోళ్లకు రాత్రి పడుకోడానికి ఒక్కోదానికి ఒకటిన్నర చదరపు అడుగు చాలు. అంటే ముప్పైకి తొమ్మిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. నేల నుంచి రెండడుగుల ఎత్తులో కాళ్ల మీద నిలబెట్టు. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గదా, తుఫాను పట్టిందంటే దొడ్లో మోకాల్లోతు నీళ్లు నిలుస్తాయి. గూటిలో పరిచిన ఊక తడిస్తే ముక్కులదిరే ఘాటు, ఆ వెనకే రక్తపు పారుడు. గూటికి కొట్టే వల అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్, అంటే అతుకులేసిన గట్టి ఇనుప జాలీ అయితేనే తీసుకో. కోళ్ల జాలీ అని అమ్మే పల్చటి వల కుక్క పంటికి ఆగదు, దాని పెద్ద కన్నాల్లోంచి పాము దూరుతుంది. అయిదు పెట్టలకొక గుడ్ల పెట్టె, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, చీకటి మూలలో. అంతే.

ఇంక పుంజు. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని మీ అత్తగారు అన్నదట. నూటికి తొంభై మంది అదే అంటారు. అది తప్పే అమ్మాయ్. పెట్టకు వయసొచ్చి, మేతా వెలుగూ సరిపోతే పుంజు మొహం చూడకపోయినా గుడ్డు పెడుతుంది. పుంజు కావలసింది పిల్లలకు, గుడ్డుకు కాదు. సరే, ఉంటే నష్టమేంది అంటావా? మన ఇంటి పాత తప్పు అదే. ఎవరి తప్పని అడగొద్దు, ఎట్టా జరిగిందో మాత్రం విను.

తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. మే నెల. వారానికోసారి గుడ్లన్నీ బుట్టలో పెట్టి ఇచ్చొచ్చేవాళ్లం. ఒకింట్లో నిండు చూలాలి కోసం గుడ్డు కొట్టి పెనంలో వేస్తే ఎర్రటి నరాలు అల్లుకుని, మధ్యలో నల్లటి చుక్క కన్నుతో సహా బయటపడింది. ఆ ఇల్లే కాదు, ఆ వీధి మొత్తం మన గుడ్డు ముట్టడం మానేసింది. డబ్బులు తిరిగిచ్చినా లాభం లేకపోయింది.

ఇట్టా ఎందుకవుతుందంటే, గుడ్డు తయారవ్వడానికి కోడి కడుపులో ఒక రోజు పడుతుంది. కోడి ఒంటి వేడి నలభై ఒక్క డిగ్రీలు. పుంజు కలిసిన గుడ్డయితే బయటికొచ్చేసరికే పిండం మొదలై ఉంటుంది. బయట చల్లబడితే ఆగిపోతుంది. చల్లబడితేనే. నెల్లూరు ఎండాకాలంలో ఏ గది చల్లగా ఉంటుంది చెప్పు? ఇరవై ఏడు డిగ్రీలు దాటితే పిండం మెల్లగా మళ్లీ కదులుతుంది, ముప్పై అయిదు దాటిందంటే పొదిగే కోడి కింద పెట్టినట్టే. పొదిగే వేడి ముప్పై ఏడున్నరేగా! రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన వంటింటి అల్మారానే కోడి రెక్క కింద చోటు. రాత్రికి కాస్త తగ్గి పగలు పెరిగే వేడిలో పిండం సగం పెరిగి చచ్చిపోతే లోపల రక్తపు ఉంగరం మిగులుతుంది. ఆ ఇంట్లో బయటపడింది అంతకంటే ముదిరిన గుడ్డు.

పుంజు ఒక్కటే కారణం కాదులే, తప్పు మీద తప్పు చేరింది. గుడ్లు పొద్దుగూకాక ఒక్కసారే తీసేవాళ్లం. అందాకా అదే పెట్టెలో ఒక పెట్ట తర్వాత ఒకటి కూర్చుని వాటిని వెచ్చబెట్టేది. తీసిన గుడ్లు పొయ్యి పక్క అలమరలో ఉండేవి. కొత్తవి పైన పడేవి, పాతవి అడుగునే ఉండిపోయేవి. తేదీ రాసే అలవాటు లేదు. దీపం పట్టి చూసే అలవాటు అసలే లేదు. వీటిలో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా ఆ గుడ్డు ఆ పెనం దాకా పోయేది కాదు.

అందుకని పుంజును ఈ వారమే తిరిగిచ్చెయ్. ఇవ్వడానికి మొహమాటమయితే గంప కింద వేరే పెట్టు. నీ పిల్లలు పెరిగి పెట్టలయ్యేదాకా ఉంటే ఏమవుతుందిలే అనుకోవద్దు; ఇంట్లో అలవాటయిన పుంజును తర్వాత ఎవరూ పంపించరు. ఒకవేళ ఎప్పుడైనా పెట్టలతో కలిసిందా, వేరు చేసిన రోజు క్యాలెండర్‌లో రాసి ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టు. పుంజు పోయినా పెట్ట ఒంట్లో దాని విత్తనం రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది. ఆ గుడ్లు ఇంట్లోకి వాడుకో, అమ్మొద్దు.

నువ్వు ఆలోచించని ముక్క ఇంకొకటుంది. పక్కింటాయన ఇచ్చింది ఒక పుంజే. నువ్వు చెప్పి పెట్టిన ముప్పై పిల్లల్లో దాదాపు సగం పుంజులే ఉంటాయి! గ్రామప్రియ పిల్లలను ఆడా మగా కలిపే ఇస్తారు. పిల్లలప్పుడు రెండు మూడు పోతాయి. చివరికి నీకు మిగిలేది పదమూడు, పద్నాలుగు పెట్టలు. మగవాటిని మూడున్నర, నాలుగు నెలలకే మాంసానికి అమ్మెయ్, అవి పెట్టల వెంట పడక ముందే. గ్రామప్రియ పిల్లలకు తల్లి గుణం సరిగ్గా దిగదు, పెట్ట పొదగదు గూడా. కాబట్టి పిల్లల కోసమైనా పుంజును ఉంచుకోవలసిన పని లేదు. పొదిగించాలని ముచ్చటయితే రెండు నాటు పెట్టలను వేరే తావులో పెంచుకో. వాటి గుడ్లు బేరంలో కలపకు.

పిల్లలొచ్చిన మొదటి వారం గూటిలో వేడి ముప్పై అయిదు డిగ్రీలుండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించు. పిల్లకు రెండు వాట్ల లెక్కన బల్బులు పెట్టి, వేడి చాలిందో లేదో పిల్లలనే చూసి తెలుసుకో. బల్బు కింద గుంపు కడితే చలి, దూరంగా మూలలకు పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, చెల్లాచెదురుగా తిరుగుతుంటే సరిపోయింది.

టీకాలకు బద్ధకించొద్దు. కొక్కెర తెగులొస్తే దొడ్డి దొడ్డే ఖాళీ అవుతుంది, వచ్చాక మందు లేదు. ఏడో రోజు లసోటా అనే కొక్కెర టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగు వారాలకు అదే మళ్లీ, ఎనిమిది పది వారాల మధ్య అదే తెగులుకు ఆర్‌టూబీ అనే సూది, చర్మం కింద అర మిల్లీలీటరు. పద్నాలుగో రోజు గుంబోరో జబ్బు టీకా, ఆరేడు వారాలకు రెక్క పొరలో మశూచి టీకా. పశువుల ఆసుపత్రిలో అడిగితే ఏ రోజు ఏది వేస్తారో చెబుతారు. సీసాలో సాధారణంగా వంద కోళ్లకు సరిపడా ఉంటుంది. కలిపాక గంట, రెండు గంటల్లో అయిపోవాలి. అందుకని వీధిలో కోళ్లున్న వాళ్లందరినీ ఒకే రోజు కూడగట్టు. ఐసు వేసిన ఫ్లాస్కులో తే, చేతిసంచిలో కాదు. వేడి తగిలిన టీకా వేసినా వెయ్యనట్టే, పైగా వేశామన్న ధీమా ఒకటి. సంతలో కొన్న కోడి ఎంత ముచ్చటగా ఉన్నా మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో కలుపు.

మేత. పెద్ద పెట్ట రోజుకు నూటపది, నూట ఇరవై గ్రాములు తింటుంది. దొడ్లో పురుగూ ఆకూ ఏరుకున్నది పోను నువ్వు యాభై, అరవై గ్రాములు వెయ్యాలి. నూకలు, తవుడు, కాస్త సజ్జలు, పిడికెడు చెక్క. వేరుశెనగ చెక్క వానాకాలంలో బూజు పట్టిందంటే చూడకుండా పారెయ్యి, కోడి కాలేయం తినేస్తుంది. ఆల్చిప్పల గుల్ల మాత్రం మేతలో కలపకుండా వేరే చిప్పలో పెట్టు, కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. పెంకులోకే రెండు గ్రాముల కాల్షియం పోతుంది మరి. మీ ఆయన గుంటల దగ్గర నుంచి మిగిలిన రొయ్యల మేత తెస్తానన్నాడట. వద్దంటే వద్దు. ఆ మేతకూ, ఎండు చేపల తలకాయలకూ గుడ్డు నీచు వాసన కొడుతుంది. కొన్నవాడు గుడ్డు పాడైందనే అనుకుంటాడు.

ఎండాకాలం మేత తెల్లారకముందు, పొద్దు వాలాక. నీళ్లు కోడికి మామూలుగా పావు లీటరు, ఎండల్లో అర లీటరు, నీడలో మట్టి తొట్టిలో. నోరు తెరుచుకుని రొప్పే కోడి పెట్టే గుడ్డుకు పెంకు పల్చబడుతుంది, గుల్ల ఎంత పెట్టినా. డిసెంబరులో పగలు పదకొండు గంటల పైచిలుకే ఉంటుంది, గుడ్లు తగ్గుతాయి. తెల్లారుజామున మూడు గంటలు చిన్న బల్బు వెలిగించు, మొత్తం వెలుగు పద్నాలుగు గంటలయితే చాలు. ఎట్టాగూ కార్తీకంలో, అయ్యప్ప మాలల రోజుల్లో సగం వీధి గుడ్డు ముట్టదు. ఆ నెలన్నర గుడ్లు మిగిలిపోయాయని బెంబేలు పడకు.

ఇప్పుడు అమ్మకం. పద్నాలుగు పెట్టలంటే ఏడాది సగటున రోజుకు ఏడు గుడ్లు అనుకో. ఇంటికి మూడు తీసేస్తే నాలుగు, వారానికి ఇరవై ఎనిమిది. ఒక అట్ట కూడా నిండదు. ఇది అంగడి పెట్టే బేరం కాదు, నాలుగిళ్లకు వారానికి ఏడేసి ఇచ్చే బేరం. ఆ నాలుగిళ్లూ ఇప్పుడే చూసుకో. ధరకు గుడ్ల కమిటీ వాళ్లు చెప్పగా పేపర్లో వచ్చే నెక్ రేటు చూడకు, అది ఫారం గుడ్డుది. నీ ఖర్చు నువ్వు లెక్కేసుకో: రెండు రోజులకొక గుడ్డు అంటే గుడ్డుకు నూట ఇరవై గ్రాముల మేత, కిలో ముప్పై అనుకుంటే మూడు రూపాయల అరవై పైసలు. పెట్టకముందు అయిదున్నర నెలలు ఉత్తినే తిన్నదీ, టీకాలూ, పోయిన పిల్లలూ దాని మీద వెయ్యాలి. అది నాటు గుడ్డని మాత్రం చెప్పకు. గోధుమరంగు చూసి వాళ్లే నాటుదనుకున్నా, "ఇది గ్రామప్రియ గుడ్డండీ" అని నోటితో చెప్పు. టీ డికాక్షన్‌లో ముంచి నాటు గుడ్లని అమ్మే వాళ్లున్న ఊళ్లో నీ మాటకు విలువుంటుంది.

గుడ్లు పదకొండింటికొకసారి, మూడింటికొకసారి తియ్యి; ఎండాకాలం ఇంకోసారి. పెన్సిల్‌తో తేదీ వెయ్యి, బాల్‌పెన్ను వద్దు. కడగొద్దు. పెంకు మీద కంటికి కనపడని పొర ఉంటుంది. చన్నీళ్లతో కడిగితే పొరా పోతుంది, మురికి కన్నాల్లోంచి లోపలికీ పోతుంది. మరకుంటే పొడిబట్టతో తుడువు, మరీ అంటుకుంటే ఇంట్లో వాడుకో. వెడల్పు తొట్టిలో తడి ఇసక పోసి, అందులో కుండ దించి, కుండ చుట్టూ తడి గుడ్డ చుట్టి గుడ్లు లోపల సన్నకొన కిందికి పెట్టు. గుడ్డుకు తడి తగలకూడదు. ఎండల్లో మూడు నాలుగు రోజులకే ఇచ్చెయ్, వారం ఆగొద్దు. ఫ్రిజ్‌లో పెట్టినవి బయటికి తీసి అమ్మకు, చెమట పట్టిన పెంకు మురికిని లోపలికి పీలుస్తుంది.

ఇచ్చే ముందు రాత్రి చీకట్లో ప్రతి గుడ్డునూ లావు కొన వైపు టార్చి పెట్టి చూడు. పచ్చసొన మసకగా కనపడాలి, నరాలు కనపడకూడదు. పుంజు లేని గుడ్డులోనూ ఒక్కోసారి చిన్న రక్తపు చుక్క ఉంటుంది, అది పిండం కాదు, పెట్ట లోపల చిన్న నరం చిట్లింది, అంతే. ఎవరైనా అడిగితే ఇట్టానే చెప్పి, మారుమాట లేకుండా ఇంకో గుడ్డివ్వు.

పురుగుల మందో, జబ్బు మందో వేసినప్పుడు ఎన్ని రోజులు గుడ్డు తినకూడదో డాక్టర్నడిగి ఆ రోజులు బేరం ఆపు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలోనూ, మీ కోవూరు మండలంలోనే గుమ్మళ్లదిబ్బలోనూ బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. కోళ్లను చెరువు కట్ట దాకా పోనివ్వకు, కొంగలూ బాతులూ దిగే నీళ్లు తాగనివ్వకు. ఒకేసారి రెండు మూడు చచ్చాయంటే కోయొద్దు, కుక్కలకు వెయ్యొద్దు, ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. ఇది రాస్తుంటేనే నాకు చెయ్యి వణుకుతోంది, నీకు చాదస్తమనిపిస్తే అనిపించనీ.

అరువు పుస్తకం పెట్టకు. వదినలే గదా, పిన్నులే గదా అని మొదలుపెట్టావంటే రెండో నెలకు నువ్వే వాళ్ల గుమ్మం ముందు నిలబడాలి.

టార్చి ఒకటి, మన పాత తాటాకు గంప ఒకటి మీ నాన్న వచ్చినప్పుడు పంపుతున్నా. గంప అంచు ఒకచోట చిరిగింది, తీగ కట్టుకో. పుంజును దాని కింద పెట్టిన రోజు నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ